బి బర్కే లెక్కపెట్టిన హోర

బి బర్కే ఒడిలో ఉన్న పుస్తకాన్ని లాక్కుని, పడవ లాగడానికి వచ్చిన అరవై మంది మగవాళ్ళ ముందు నేను గట్టిగా చదివాను. ముప్పై ఏళ్ళుగా ఆమె హోర చెప్పేటప్పుడు తెరిచి పెట్టుకునే పేజీ అది. అందులో గ్రహాల మాట ఒక్కటీ లేదు. కడుపుబ్బరం పట్టిన గాడిదకు ఏం తాగించాలో రాసి ఉంది.

ముందు ఎవరూ నవ్వలేదు. వెనక వరసలో ఎవరో గాడిదలా ఓండ్రపెట్టారు. అప్పుడు అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పుస్తకం చుట్టే ఎర్రగుడ్డ ఒళ్ళో మిగిలిపోతే, ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి మోకాలి కింద పెట్టుకుంది.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. ఇప్పుడు ఇరవై ఏడు. ఈ ఐదేళ్ళలో ఆ గుడ్డ మడత పెట్టిన తీరు నాకు గుర్తురాని వారం లేదు. ఆమె సంగతి రాద్దామని కూర్చుంటే నా సంగతే ముందు వస్తోంది. దాచుకుని రాయడం చేతకాదు కాబట్టి రెండూ రాస్తున్నాను.

లాము దీవి పడమటి ఒడ్డున, మడ అడవి పక్కన ఉంది మా ఊరు. పడవలు కట్టడం తప్ప మాకు వేరే విద్య లేదు. ఏ పనికైనా హోర, అంటే ఆ గంట ఏ గ్రహానిదో, చూడాలి. పెళ్ళిబట్టకు మొదటి కత్తెర శుక్ర హోరలో పడాలి. అలిగి పుట్టింటికి పోయిన పెళ్ళాన్ని చంద్ర హోరలో పిలవాలి. కుజ హోరలో కొన్న గాడిద చచ్చేదాకా తంతుంది. శని హోరలో గోడకు సున్నం కొడితే మూడో వానకు రాలుతుంది. మాకు గంటలు పొద్దుపొడుపు నుంచే మొదలు కాబట్టి ఇది ఎన్నో హోరో పిల్లలకు కూడా తెలుసు. అది ఏ గ్రహానిదో తెలియాలంటే మాత్రం బి బర్కే గుమ్మానికి వెళ్ళాలి. పెద్ద ఆడవాళ్ళను మేం 'బి' అని పిలుస్తాం.

ఆమె తండ్రి హోరల పంతులు. అరుగు మీద కొడుకులిద్దరినీ కూర్చోబెట్టి వరస చెప్పిస్తుంటే, లోపల పీట మీద కొబ్బరి కోరుతూ బర్కే వినేది. పెద్దకొడుకు మొంబాసాలో లారీ డ్రైవరయ్యాడు. చిన్నవాడికి శుక్రుడి తర్వాత ఎవరో ఎప్పుడూ గుర్తుండేది కాదు. పంతులు పోయిన నలభయ్యో రోజు ఎవరో అలవాటు కొద్దీ గుమ్మం ముందు నిలబడి, "పంతులుగారూ, రేపు కొత్త వల వెయ్యాలి," అన్నారట. ఆయన లేడని గుర్తొచ్చి నాలిక్కరుచుకునేలోపే తెర వెనక నుంచి బర్కే, "నాలుగో హోరలో వెయ్యి. గురుడిది," అందట. వల నిండింది. అలా మొదలైంది. అప్పటికే ఆమె మొగుణ్ణి సముద్రం తీసుకుపోయింది. పిల్లలు లేరు.

బొటనవేలితో మిగతా నాలుగు వేళ్ళ కణుపులూ లెక్కపెట్టేది. వేలికి మూడు, మొత్తం పన్నెండు. పగటికి హోరలు పన్నెండు. ఆ చెయ్యే ఆమె పంచాంగం. అయినా ఒళ్ళో తండ్రి పుస్తకం తెరిచి ఉండాల్సిందే. ఆడమనిషి చేతిని నమ్మి పడవను నీళ్ళలోకి తోసేవాడు మా ఊళ్ళో లేడు, పుస్తకాన్ని నమ్మి తోసేవాళ్ళు చాలామంది ఉన్నారు.

హోర చెప్పినందుకు డబ్బు తీసుకునేది కాదు. చేప ఇస్తే చాలు. ఎవరైనా పిసినారితనంతో తోకముక్క తెస్తే, "అయ్యో, దీని తల ఏ హోరలో పోయింది నాయనా?" అని అడిగేది.

నాకు ఆమె మీద కసి ఉండేది. నేను ఖురాను బడిలో అక్షరాలు మాత్రం నేర్చుకున్నాను. మిగతా చదువంతా నా అంతట నేను చదువుకున్నదే. సరుకులు చుట్టి వచ్చిన పత్రికలు, అట్టలు ఊడిన పంచాంగాలు, ఎవరో చచ్చిపోతే సంతలో పడేసిన పుస్తకాలు. పగలంతా పడవ పలకల సందుల్లో నూనెలో నానిన పత్తి కూరే కూలీని. పట్నం రేవు కచేరీలో రాతపనికి మనిషి కావాలని తెలిసిన రోజు తెల్లవారకముందే నేను తయారయ్యాను. అమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"బి బర్కే సూర్య హోరలో వెళ్ళమంది. అధికారుల దగ్గరికి సూర్య హోరలోనే వెళ్ళాలంట."

"అమ్మా, పడవ పోతుంది!"

"ఇంకో పడవొస్తుంది. సూర్యుడు రాడు."

సూర్య హోరలోనే వెళ్ళాను. కుర్చీలో అప్పటికే ఒకడు కూర్చుని ఉన్నాడు. గుమస్తా నా దస్తూరీ చూసి, "వాడి రాత నీ అంత బాగుండదు తమ్ముడూ. కానీ వాడు ముందొచ్చాడు," అన్నాడు. ఆ మాట రెండేళ్ళు నమిలాను.

ఇక పడవ సంగతి. సరంగు ఓబో కట్టించిన పెద్ద పడవ అది. అంత పెద్దది మా కాలువలోంచి బయటపడాలంటే పున్నమి మర్నాటి పోటు కావాలి, ఆ పోటు నిండుగా ఉన్నప్పుడే తాడు పట్టాలి. ఆ నెల పున్నమి మర్నాడు శుక్రవారమైంది. జుమ్మా నమాజుకు వచ్చిన మగవాళ్ళంతా ఒడ్డునే ఉన్నారు. బి బర్కే పాక నీడలో చాప మీద కూర్చుంది. పడవలు కట్టే మేస్త్రి స్వాలేహ్ ఆమె ముందు వంగి అడిగాడు.

"బి, తాడు ఎప్పుడు పట్టమంటారు?"

ఆమె బొటనవేలు కణుపుల మీద నడిచింది. "సాయంత్రపు అసర్ నమాజు అయింది కదా, ఇక పట్టండి. పదకొండో హోర. గురుడిది."

నేను పడవ కడుపు కింద చివరి సందు పూడుస్తున్నాను. "శుక్రవారం పదకొండోది గురుడిది కాదు," అన్నాను. "శనిది. గురుడిది ఆ తర్వాతది."

తాడు పాట ఎత్తుకునే హరూను పకపకా నవ్వాడు. "ఒరేయ్ ఫమావూ, నీ పత్తి నువ్వు కూరుకో. ఒక సందు పూడ్చమంటే ఇంకో సందు తెరుస్తాడేంట్రా వీడు!"

"లెక్కపెట్టు మరి. శుక్రుడితో మొదలుపెట్టు. శుక్రుడు, బుధుడు, చంద్రుడు, శని, గురుడు, కుజుడు, సూర్యుడు. ఎనిమిదోది మళ్ళీ శుక్రుడు. పదకొండోది ఎవరు?"

వేళ్ళు కదిలాయి. అరవై మంది అరవై చేతులు చూసుకున్నారు. నవ్వు ఆగిపోయింది.

సరంగు ఓబో ముఖం మారిపోయింది. వాళ్ళ అన్న ఎక్కిన పడవ తిరిగి రాలేదు. అది శని హోరలో ఒడ్డు వదిలిందని ఊరంతా చెప్పుకుంటారు. "బి, ఒక్కసారి పుస్తకం చూడు," అన్నాడు.

"చూశాను ఓబో."

"చూసిందట!" అన్నాను. బయటికొచ్చి చేతులు లుంగీకి తుడుచుకున్నాను. "ఏదీ, ఏ పేజీలో ఉందో మేమూ చూస్తాం."

ఆ తర్వాత జరిగింది మొదట్లోనే చెప్పాను.

నవ్వులు తగ్గాక మేస్త్రి ఓబో చెయ్యి పట్టుకున్నాడు. "నీళ్ళు ఇప్పుడు నిండుగా ఉన్నాయి. హోర దాటాక తాడు పడితే జానెడు పోతాయి. నా మాట విను."

"జానెడే కదా! జానెడు నీళ్ళ కోసం నా పడవని శని నోట్లో పెట్టమంటావా? అరవై మంది ఉన్నారు, గట్టిగా లాగుతారు."

అప్పుడు ఆమె ఒక్క మాట అంది. "నీళ్ళు తిరుగుతాయి ఓబో."

"నువ్వు గాడిదలకి వైద్యం చేసుకో బి," అన్నాడు ఓబో. మళ్ళీ నవ్వులు. ఆమె చాప చుట్టుకుని వెళ్ళిపోయింది. పుస్తకం నా చేతుల్లో ఉండిపోయింది.

గంటసేపు కాఫీ తాగుతూ కూర్చున్నాం. మడకొయ్య గుంజ మీద నీళ్ళు దిగి తడిచార వెడల్పవుతుంటే అందరం చూస్తూనే ఉన్నాం. గురు హోర వచ్చిందని నేనే చెప్పాను. హరూను పాటెత్తాడు, తాడు బిగిసింది, పడవ కదిలింది. సగం నీళ్ళలోకి వెళ్ళాక అడుగు దూలం బురదగట్టుకు తగిలి ఆగింది. మేస్త్రి చెప్పిన జానెడే తక్కువ పడింది. అరవై మందీ ఇంకా లాగుతూనే ఉన్నారు. పడవ పక్కకు ఒరిగింది. ఊతకొయ్య జారి హరూను మోకాలి మీద పడింది. పాట మధ్యలో తెగిపోయింది.

హరూను బతికాడు, కాలు మాత్రం నిటారుగా బిగుసుకుపోయింది. అతను మళ్ళీ తాడు పట్టలేదు, పాటెత్తలేదు. పడవ వెన్ను చీలింది. దాన్ని విప్పి ఆ చెక్కతో చిన్నవి రెండు కట్టారు.

ఊరు తప్పు ఎవరి మీద వేసింది? నా మీద కాదు. ఆమె అబద్ధపు హోర నోటితో అనడం వల్ల ఆ చెడు పడవను అంటుకుందన్నారు. అక్షరం రాని ఆడది ముప్పై ఏళ్ళు మోసం చేసిందన్నారు. ఆమె గుమ్మం ముందు చెప్పులు కనిపించడం మానేశాయి. ఎవరైనా చేప ఇస్తే ముష్టి వేసినట్టు గడప మీద పెట్టి వెళ్ళేవాళ్ళు. ఇక తలదో తోకదో ఆమె ఎవరినీ అడగలేదు.

నాకు నిజం తెలిసింది పది రోజుల తర్వాత. మేస్త్రి స్వాలేహ్ కూలీ ఇవ్వడానికి పిలిచి, పాకలో ఎవరూ లేకుండా చూసి, నా చొక్కా పట్టుకున్నాడు.

"ప్రతి పడవకీ ముందు రోజు సాయంత్రం కాఫీ గింజల పొట్లం పట్టుకుని ఆవిడ దగ్గరికి వెళ్ళేవాణ్ణి. 'బి, ఈసారి నీళ్ళు ఫలానా వేళకి నిండుతాయి' అని చెప్పేవాణ్ణి, అంతే. హోర మంచిదైతే ఉన్నదున్నట్టు చెప్పేది. చెడ్డదైతే ఒక కణుపు దాటేసి లెక్కపెట్టేది. శని అంటే వీళ్ళు తాడు పడతారా? గురుడంటే ఆకాశాన్నైనా లాగుతారు. ముప్పై ఏళ్ళు, నలభై ఒక్క పడవలు. ఒక్కటి ఒరగలేదు. వరస ఆవిడకి తెలీదనుకున్నావా? నీకంటే బాగా తెలుసురా."

"మరి ఆ రోజు మీరెందుకు చెప్పలేదు?"

చొక్కా వదిలేశాడు. "చెబితే ఆ నలభై ఒక్క పడవల వాళ్ళూ నా గుమ్మం ముందుంటారు," అన్నాడు. "నువ్వు చెప్పు. నీకు చదువొచ్చు కదా."

నేనూ చెప్పలేదు. అప్పటికే ఊరు నా గుమ్మానికి రావడం మొదలుపెట్టింది. పుస్తకం నా దగ్గర ఉంది, నాకు చదవడం వచ్చు. పొద్దున లేచేసరికి అరుగు మీద ఎవరో ఒకరు ఉండేవాళ్ళు. నేను ఈ గ్రహాలను నమ్మను, ఎప్పుడూ నమ్మలేదు. కానీ రేవు కచేరీ నన్ను గుర్తించలేదు, వీళ్ళు "పంతులుగారూ" అంటున్నారు. ఆ పిలుపు కోసం చెప్పాను. చేపలు తీసుకున్నాను, తలలతో సహా. అమ్మ మురిసిపోయింది. బి బర్కే ఇంటి మీదుగా వెళ్ళాల్సి వస్తే చుట్టూ తిరిగి వెళ్ళేవాణ్ణి. నన్ను ఎత్తిపొడిచేవాడు హరూను ఒక్కడే. సందులో ఎదురైతే కర్ర తాటించి, "పంతులూ, ఈ కాలు ముడుచుకోవడానికి ఏ హోర మంచిది?" అనేవాడు.

ఏడాది అలా గడిచింది. ఒక సోమవారం పొద్దున ఆ హరూనే నా గుమ్మం ముందు నిలబడ్డాడు. భుజం మీద రెండేళ్ళ కూతురు. జ్వరంతో కళ్ళు పైకి తేలేస్తోంది. వెనక అతని భార్య ఏడుస్తోంది.

"పట్నం ఆసుపత్రికి పడవ సిద్ధంగా ఉంది," అన్నాడు. "ఇది ఏ హోరో చెప్పు. ఇంకోసారి తప్పు హోరలో కదలను ఫమావూ. నా కాలు పోతే పోయింది. దీన్ని పోగొట్టుకోలేను."

సోమవారం, రెండో హోర. చంద్రుడి తర్వాత శని. పుస్తకం ప్రకారం గురుడి కోసం ఒక గంట ఆగాలి. అప్పటికే పాటు మొదలై నీళ్ళు తీస్తున్నాయి. గంట ఆగితే కాలువలో నీళ్ళు పోతాయి, పడవ సాయంత్రం దాకా బురదలో కూర్చుంటుంది. శని అని చెప్పి, అయినా వెళ్ళమంటే? వెళ్ళడు. అతని ముఖం చూస్తే తెలిసిపోతోంది.

"పుస్తకం చూడు," అన్నాడు.

ఎర్రగుడ్డ లేదు కాబట్టి పాత సంచిలోంచి తీశాను. ముప్పై ఏళ్ళు ఒకే చోట తెరవడం వల్ల అది తనంతట తానే అక్కడే తెరుచుకుంది. గాడిద కడుపుబ్బరం. ఆ అక్షరాల మీద వేలు పెట్టుకుని, "గురుడిది. వెళ్ళు," అన్నాను.

"ఖాయమేనా?"

"గురుడిదేనయ్యా. వెళ్ళు! హోర దాటిపోతుంది."

కుంటికాలితో అతను రేవు దాకా పరిగెత్తాడు. మర్నాటికి పిల్ల లేచి గంజి తాగిందని కబురొచ్చింది. అమ్మ అందరికీ ఖర్జూరాలు పంచింది, కొడుకు గొప్ప హోర చెప్పాడని. నేను తినలేకపోయాను.

బుధవారం ఆమె ఇంటికి వెళ్ళాను. పదకొండో హోరలో వెళ్ళాను. బుధవారం పదకొండోది గురుడిది. నమ్మనివాణ్ణి, కణుపులు లెక్కపెట్టుకుని మరీ వెళ్ళాను. ఇది రాయడానికి కూడా సిగ్గేస్తోంది. క్షమించమని అడగాలి, ఎల్లుండి జుమ్మా తర్వాత అందరి ముందూ నిజం చెబుతానని మాటివ్వాలి, పుస్తకం ఇచ్చేయాలి. ఈ మూడూ వరసగా పెట్టుకున్నాను. గుమ్మం తెర ముందు నిలబడితే కాళ్ళు లోపలికి పడలేదు. సందు చివరిదాకా వెళ్ళాను, వచ్చాను. గోడ మీద నీడ పైకి పాకింది. మళ్ళీ వెళ్ళాను, వచ్చాను.

ఆ తర్వాత శుక్రవారం వచ్చింది, నేను నోరు తెరవలేదు. ఆ మర్నాడే మొంబాసా వెళ్ళే పడవెక్కాను. రెండేళ్ళకు ఆమె పోయిందని మేస్త్రి కబురు పంపాడు. కాబట్టి ఆమెను నేను చివరిసారి చూసింది ఆ బుధవారమే.

లోపల నుంచి కొబ్బరి కోరుతున్న చప్పుడు ఆగింది.

"లోపలికి రారా ఫమావూ. తెర కింద నీ పాదాలు చూసీ చూసీ నాకే కాళ్ళు నొప్పెడుతున్నాయి."

వెళ్ళాను. పీట మీద కూర్చుని ఉంది. చిక్కిపోయింది. పుస్తకం ఆమె ముందు పెట్టాను. దాన్ని చూడలేదు, నా వైపే చూసింది.

"సోమవారం రెండో హోర ఎప్పట్నుంచి గురుడిదైంది?"

హరూను భార్య చెప్పి ఉంటుంది. నేను తల దించుకున్నాను. ఆమె నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. కొబ్బరి తురుము ఒళ్ళోంచి రాలింది.

"బి, ఆ రోజు ఒడ్డున..." అని మొదలుపెట్టాను.

ఆమె చెయ్యి ఎత్తి బొటనవేలితో కణుపులు లెక్కపెట్టింది. చివరి కణుపు మీద ఆగింది.

"ఏ హోర చూసుకుని వచ్చావు?"

"గురుడిది బి."

"గురు హోరంతా గుమ్మం బయటే తిరిగావు. ఇప్పుడు పన్నెండోది, కుజుడు కూర్చున్నాడు. ఈ హోరలో క్షమించమని అడగకూడదు, అడిగితే నేను తిట్టాలి. తిట్టే ఓపిక నాకు లేదు." పుస్తకం నా వైపు తోసింది. అది ఎప్పటిలాగే అక్కడే తెరుచుకుంది. "మా నాన్న కూడా ఎప్పుడూ అక్కడే తెరిచేవాడు. ఏముందో అడిగితే చెప్పేవాడు కాదు. సరే, ఆ మందులో ఏం కలపాలని రాసుందో మెల్లగా చదువు, గుర్తుపెట్టుకుంటాను. పక్కింటి గాడిద పొద్దుట్నుంచీ మేత ముట్టలేదు."